మన ఊపిరి, మన నీళ్ళు: మన బడిలో పాఠం కావాలి

కోలారు జిల్లాలోని, కేజీఎఫ్‌లోని హైస్కూలు పిల్లల తల్లిదండ్రులకు, టీచర్లకు, ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) సభ్యులకు విన్నపం



ఈ జిల్లాలో తెలుగు మాట్లాడే ఇళ్ళకు కొదవలేదు. అయినా మనలో చాలామంది బడిలో చదివింది కన్నడం, గనుల వైపు అయితే తమిళం, ఇంగ్లీషు. అందుకని ఈ కాగితం చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించండి. ఇది మీ పిల్లల సంగతి.

మేము అడిగేది ఒక్కటే. మన ప్రభుత్వ హైస్కూళ్ళలో, పీయూ కాలేజీల్లో పిల్లలు ఇష్టపడి ఎంచుకునే ఒక సైన్సు సబ్జెక్టు పెట్టాలి. అందులో మనిషి ఒంటి గురించి, ఆ ఒంటిలోకి పోయే గాలి, నీళ్ళు, తిండి గురించి చెప్పాలి. రెండూ విడివిడిగా కాదు, కలిపి చెప్పాలి. ఎక్కడివో ఉదాహరణలు వద్దు. మారికుప్పం, బంగారపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం, మాలూరు ఉదాహరణలతో చెప్పాలి.

ఇంత చిన్న కోరికకు కరపత్రం దేనికని అడుగుతారేమో. ఈ జిల్లా మనుషుల ఒంటి మీద, ఈ జిల్లా నేల మీద ఎంత సైన్సు జరిగిందో, అందులో మన పిల్లల చెవిన పడింది ఎంత తక్కువో చెబితే మీకే అర్థమవుతుంది.

గనిలో దిగినవాళ్ళ ఊపిరితిత్తులు

కేజీఎఫ్ బంగారం పలుగురాయిలో ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతబడేదాకా, నూట ఇరవై ఏళ్ళపాటు, మన తాతలు, తండ్రులు ఆ రాయికి డ్రిల్లు వేశారు, మందు పెట్టి పేల్చారు, పేలిన రాయిని ఎత్తిపోశారు. చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. ఆ లోతున బండ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

పేలినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనపడేది ముక్కులో, గొంతులో ఆగుతుంది. దగ్గితే బయటికి వస్తుంది. కనపడని దుమ్ముతోనే చావు. వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని ఆ పొడి ఊపిరితిత్తుల చివరనుండే గాలి సంచుల దాకా పోతుంది. అక్కడ కాపలా ఉండే కణాలు దాన్ని మింగుతాయి. మింగిన పలుగురాయి పొడిని అరిగించుకోలేక అవే చచ్చిపోతాయి. ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట ఊపిరి ఆడదు. పని మానేసి ఇంట్లో కూర్చున్నా ఆ మచ్చ పెరుగుతూనే ఉండొచ్చు. నయం చేసే మందు ఇప్పటికీ లేదు. అలాంటి ఊపిరితిత్తికి టీబీ కూడా తేలిగ్గా పడుతుంది. ఈ రోగం పేరు సిలికోసిస్.

1940 దశకంలో ఇక్కడి 7,653 మంది కార్మికులను పరీక్ష చేశారు. నూటికి నలభై మందికి పైగా ఈ రోగం ఉన్నట్టు తేలింది. మెడికల్ కాలేజీ పిల్లలు ఈ లెక్కను ఇప్పటికీ పాఠంగా చదువుతారు. ఊరిగాం కార్మికుల లైన్లలో పుట్టి, తాత దగ్గును గోడ అవతలి నుంచి విని పెరిగిన పదో తరగతి పిల్లకు మాత్రం ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. ఆ దగ్గుకు కారణం వయసని, బీడీ అని చెప్పారు, లేదా ఏమీ చెప్పలేదు.

ఇక్కడ సైన్సుకు లోటు ఉందా అంటే లేదు. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్ నుంచి, ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళతో కలిసి న్యూట్రినో అనే కణాల జాడ పట్టారు. వాతావరణంలో పుట్టే ఆ కణాలను ప్రపంచంలో మొట్టమొదట పసిగట్టిన చోట్లలో మన గని ఒకటి. 1988లో బండరాళ్ళ శాస్త్రానికి ఒక జాతీయ సంస్థను, 1990లో గని కార్మికుల ఆరోగ్యానికి ఇంకొక జాతీయ సంస్థను ఇక్కడే పెట్టారు. తర్వాత ఒకదాని ప్రధాన కార్యాలయం బెంగళూరుకు, రెండోదాని కార్యాలయం నాగపూర్‌కు పోయాయి. మన ఎక్స్‌రేలు తీశారు, మన బండలను కొలిచారు, మన చీకట్లో కణాలు వెతికారు. ఆ పనిని ఎవరూ తప్పుబట్టనక్కర్లేదు, అది గొప్ప పని. దాన్ని మన బడిలోకి తేకపోవడమే అన్యాయం.

తెలిస్తే ఏమవుతుందో దక్షిణాఫ్రికాను చూడండి. అక్కడి బంగారు గనుల్లో ఇదే రాయి, ఇదే దుమ్ము, ఇదే రోగం. వాళ్ళు ఎక్స్‌రేలు పోగు చేశారు, ఏ గనిలో ఎన్నేళ్ళు చేశారో కాగితాలు పోగు చేశారు, కోర్టుకెళ్ళారు. 500 కోట్ల రాండ్ల పరిహార ఒప్పందాన్ని 2019 జూలైలో జోహానెస్‌బర్గ్ హైకోర్టు ఆమోదించింది. తన రోగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాడే అడగగలడు.

గని మూసేశారు కదా, ఇంకేమిటి అంటారా? రాతి దుమ్ము జిల్లా విడిచి పోలేదు. మాలూరు తాలూకా శివారపట్నం శిల్పులు చెక్కిన దేవుళ్ళు దూరదూరాల గుళ్ళలో పూజలందుకుంటున్నారు. టేకల్ వైపు క్వారీలు ఉన్నాయి, రోడ్ల పక్కన క్రషర్లు ఉన్నాయి. రాయి కోసే మిషన్‌కు నీటి ధార పెడితే దుమ్ము ఎందుకు తగ్గుతుందో, ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే ఎందుకు చాలదో, ఎలాంటి మాస్కు కావాలో పద్నాలుగేళ్ళ పిల్లవాడు బడిలో నేర్చుకుంటే ఆ సాయంత్రమే ఇంటికొచ్చి నాన్నకు చెబుతాడు. ఇంతకంటే చవకైన వైద్యం ఏ ఆసుపత్రిలోనూ దొరకదు.

సైనైడ్ గుట్టలు

రాబర్ట్‌సన్‌పేట నుంచి ఎటు చూసినా కనపడే ఆ గుట్టలను సినిమా వాళ్ళు చూసి పోయారు, రీళ్ళు తీసేవాళ్ళు ఇంకా వస్తున్నారు. రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్ళతో బంగారం కరిగించి తీసుకున్నాక మిగిలిన పొడి అది. ప్రభుత్వం లెక్కలో 13 గుట్టలు, వెయ్యి ఎకరాలకు పైగా నేల, సుమారు 3.3 కోట్ల టన్నులు. గాలి లేచిన రోజున ఆ పొడి ఇళ్ళలో అన్నం తట్టల దాకా వస్తుంది.

పిల్లలు ఆ గుట్టను చూసి 'సైనైడ్' అని భయపడతారు, లేదా దాని మీదే జారి ఆడుకుంటారు. రెండూ తెలియకపోవడం వల్లే. సైనైడ్‌లో చాలా భాగం ఎండకు, గాలికి కాలం గడిచేకొద్దీ విరిగిపోతుంది. సన్నటి రాతిపొడి విరగదు, రాతిలోని లోహాలు కూడా ఎక్కడికీ పోవు. వాన పడితే ఆ పొడి మీద నుంచి పారే నీళ్ళు ఏ కుంటలోకి చేరుతున్నాయి? ఆ నీళ్ళలో పులుపు ఉందా? ఆ కుంటలో గడ్డి మేసిన మేకల సంగతి ఏమిటి? ఇవన్నీ హైస్కూలు పిల్లలు అడగగల ప్రశ్నలు. కొన్నింటికి లిట్మస్ కాగితం, రెండు గాజు సీసాలు, ఓపిక ఉన్న ఒక సీబీజెడ్ (రసాయనశాస్త్రం, జీవశాస్త్రం చెప్పే) టీచరు ఉంటే చాలు.

ఈ పాఠానికి తొందర కూడా ఉంది. ఆ గుట్టల్లో మిగిలిన బంగారాన్ని మళ్ళీ తీయడానికి కేంద్రం పెట్టిన ప్రతిపాదనకు 2024 జూన్‌లో మన రాష్ట్ర మంత్రిమండలి ఒప్పుకుంది. పని వస్తే ఊరికి మంచిదే, మేము అడ్డుపడటం లేదు. పొద్దున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొచ్చే వేలాది మందికి ఊళ్ళోనే పని దొరికితే అంతకంటే కావలసింది ఏముంది? కానీ ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న గుట్టను కదిలిస్తే దుమ్ము లేస్తుంది. ఆ దుమ్మును ఎవరు కొలుస్తారు, ఎక్కడ కొలుస్తారు, ఆ లెక్క గోడ మీద ఎవరు అతికిస్తారు అని ప్రజాభిప్రాయ సేకరణలో లేచి అడగాలంటే ఆ కొలతల భాష తెలిసిన మనిషి మన వీధిలోనే ఉండాలి.

కొళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, బెంగళూరు నీళ్ళు

శాశ్వతంగా పారే ఏరు లేని జిల్లా మనది. చెరువులు తవ్వుకుని బతికినవాళ్ళం. గనులకు కూడా పాలారు మీది బేతమంగల చెరువే నీళ్ళిచ్చింది. ఆ చెరువులు ఎండాయి, నీలగిరి తోపులు లేచాయి, బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. లోతుకు పోయేకొద్దీ నీళ్ళతోపాటు బండలోని ఫ్లోరైడ్ పైకి వస్తోంది.

మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. అది దాటిన నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళు మచ్చలు పడతాయి, గార పడతాయి. ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదులో తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. మచ్చ పడేది పన్ను చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు. పదో తరగతిలో పళ్ళు ఎంత తోమినా అది పోదు. సరిగ్గా తోముకోవడం లేదని పిల్లను తిట్టే తల్లికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఇంకొక సంగతి. నీళ్ళు కాచి తాగితే మంచిదని మనమందరం నేర్చుకున్నాం. వాంతులు, భేదులు తెచ్చే క్రిములకు అది సరైన మందు. ఫ్లోరైడ్‌కు మాత్రం పనికిరాదు. కాచేకొద్దీ నీళ్ళు ఆవిరై పోతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి చిక్కబడుతుంది. మంచి మనసుతో తప్పు పని చేస్తున్న ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో.

తెలుగువాళ్ళకు ఈ రోగం కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో తొలిసారి గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అక్కడ నేర్చుకున్నది ఇక్కడికి రావడానికి ఒక బడి పాఠం చాలు.

ఇక చెరువుల్లోకి వస్తున్న నీళ్ళు. 2018 జూన్ నుంచి కోరమంగల-చల్లఘట్ట వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగు నీటిని శుద్ధి చేసి మన చెరువులకు పంపుతున్నారు. రోజుకు 44 కోట్ల లీటర్ల పథకం అది. కొన్ని వారాలకే లక్ష్మీసాగర చెరువులో నురగ లేచింది. వ్యవహారం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు పోయింది. ఒకరు ఈ నీళ్ళు వరమన్నారు, ఒకరు విషమన్నారు. చెరువు నిండిందని, పక్కనున్న బోర్లలో నీళ్ళు పెరిగాయని రైతు సంతోషపడ్డాడు. అతని సంతోషం నిజం. రెండు దశల శుద్ధి అంటే ఏమిటి, మూడో దశ ఎందుకు కావాలంటున్నారు, ఆ నీళ్ళు నేలలోకి ఇంకి బోరులోకి వచ్చేసరికి ఏం మిగులుతుంది, ఏం పోతుంది అన్నది తెలుసుకోవాలన్న ఆత్రం కూడా అంతే నిజం. చెరువు గట్టు మీద బడి ఉన్న ఊళ్ళో పిల్లలు నెలకొకసారి ఆ నీళ్ళు పరీక్షించి నోటు పుస్తకంలో రాసుకుంటే, మూడేళ్ళకు ఊరికి ఒక లెక్క చేతికొస్తుంది. జలజీవన్ మిషన్ కింద నీళ్ళు పరీక్షించే పెట్టెలు గ్రామ పంచాయతీలకు ఇచ్చారు. చాలాచోట్ల అవి బీరువాలో ఉన్నాయి. ఆ బీరువా తాళం హైస్కూలుకు ఇవ్వమని అడుగుదాం.

టమాటా తోటలో మందు

కోలారు మార్కెట్‌కు వచ్చే టమాటా దేశం నలుమూలలకు పోతుంది. ఆ తోటల్లో మందు కొట్టేది నాన్న, కొన్నిచోట్ల సెలవు రోజున కొడుకు. మందు డబ్బా మీద ఒక రంగు ముద్ర ఉంటుంది: ఎరుపు అయితే అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఈ నాలుగు రంగుల అర్థం తెలిసిన పిల్లలు ఒక్కో తరగతిలో ఎంతమంది? కొన్ని మందులు నరానికీ కండకూ మధ్య సంకేతాన్ని ఆపే ఎంజైమును పనిచేయకుండా చేస్తాయి. అందుకే కళ్ళు మసకబారడం, చొంగ కారడం, కండరాలు అదరడం. తొమ్మిదో తరగతి నుంచి నరాల పాఠం చదువుతున్న పిల్లవాడు ఆ పాఠాన్ని తోటలో నాన్న చెయ్యి వణకడంతో కలిపి చూడగలిగితే, అదే మేము అడుగుతున్న సబ్జెక్టు.

ఉన్న పాఠాలూ పోయాయి

సైన్సు పుస్తకంలో ఇవన్నీ ఉన్నాయి కదా అంటారేమో. శ్వాసక్రియ ఉంది, ఆహారపు గొలుసు ఉంది. కానీ సిలబస్ బరువు తగ్గించాలని ఎన్‌సీఈఆర్‌టీ 2022లో కత్తిరించిన పాఠాల్లో తొమ్మిదో తరగతి నుంచి 'మనకు జబ్బు ఎందుకు చేస్తుంది' అనే పాఠం ఉంది, 'సహజ వనరులు' ఉంది. పదో తరగతి నుంచి సహజ వనరులను కాపాడుకునే పాఠం కూడా తీసేశారు. బరువు తగ్గించాల్సిందే, కాదనం. తగ్గించడానికి దొరికినవి ఒంటి పాఠం, నేల పాఠం కావడమే మా బాధ.

పర్యావరణాన్ని బడుల్లో, కాలేజీల్లో తప్పనిసరి పాఠం చేయాలని 1991 నవంబరు 22న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పినందుకు పాఠాలు వచ్చాయి. తప్పనిసరి పాఠం గతి ఏమవుతుందో టీచర్లకు తెలుసు: రెండు మార్కుల ప్రశ్న, నాలుగు లైన్ల జవాబు, గైడు బట్టీ. అందుకే మేము తప్పనిసరి చేయమని అడగడం లేదు. ఎంచుకునే సబ్జెక్టు అడుగుతున్నాం. ఇష్టపడి చేరిన ఇరవై మంది పిల్లలుంటే చెరువు దాకా నడిపించుకుపోవచ్చు, ఆశా కార్యకర్తను తరగతికి పిలవచ్చు, గనిలో పనిచేసిన పెద్దాయనను కూర్చోబెట్టి అడగవచ్చు. లెక్కలంటే భయపడి సైన్సే మాకొద్దని ఆర్ట్స్ వైపు పోయే ఆడపిల్లలకు సైన్సులోకి ఇంకొక తలుపు తెరుచుకుంటుంది. నర్సింగుకో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకో, నీటి పరీక్ష కేంద్రానికో ఆ తలుపులోంచే పోవచ్చు.

ఇది ఎక్కడా లేని వింత కోరిక కాదు. స్కాట్లాండ్‌లో హైస్కూలు పిల్లలు మామూలు జీవశాస్త్రం బదులు మానవ జీవశాస్త్రాన్ని వేరే సబ్జెక్టుగా తీసుకోవచ్చు, పర్యావరణ శాస్త్రాన్నీ తీసుకోవచ్చు. అంత దూరం ఎందుకు? మన రాష్ట్రంలోనే కొన్ని ప్రభుత్వ హైస్కూళ్ళలో మూడో భాష బదులు ఐటీ, ఆటోమొబైల్, బ్యూటీ అండ్ వెల్‌నెస్ వంటి వృత్తి సబ్జెక్టులు ఎంచుకునే వీలుంది. పీయూసీ సబ్జెక్టుల జాబితాలో భూగర్భశాస్త్రం ఎప్పటి నుంచో ఉంది. బంగారు గనులున్న తాలూకాలో పిల్లలు దాన్ని చదవలేకపోతే ఇంకెక్కడ చదువుతారు?

ఈ జిల్లా మట్టి ఒకప్పుడు డాక్టర్ హెచ్. నరసింహయ్యను కన్నది. అప్పటి కోలారు జిల్లా గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో బీద ఇంట పుట్టి, చదువు కోసం బెంగళూరుకు నడిచి వెళ్ళిన మనిషి. భౌతికశాస్త్రం చదివి, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. సైన్సు మామూలు జనానికి అందాలని 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం స్థాపించారు. ఊళ్ళో బడి ఆగిపోతే నడిచి వెళ్ళాల్సిన కాలం ఆయనది. మన పిల్లలకు ఊళ్ళోనే బడి ఉంది, ఆ బడిలో ఈ పాఠం లేదు.

ఇప్పుడు చేయవలసింది

వచ్చే ఎస్‌డీఎంసీ సమావేశానికి వెళ్ళండి. పనికి పోవాలని, సాయంత్రం పాలు పోయాలని తప్పించుకోవద్దు. ఆ రోజు ఒక గంట ఇవ్వండి. తల్లులు తప్పకుండా రావాలి, ఇంట్లో నీళ్ళు మోసేది మీరే కనుక. ఈ మాటలు కాగితం మీద కన్నడంలో రాయించి అందరూ సంతకం పెట్టండి:

"మా హైస్కూలులో తొమ్మిది, పది తరగతులకు మానవ ఆరోగ్యం, పర్యావరణం కలిసిన ఒక ఐచ్ఛిక సైన్సు సబ్జెక్టును వచ్చే విద్యా సంవత్సరం నుంచి ప్రారంభించాలి. పూర్తి సబ్జెక్టుకు అనుమతి వచ్చేలోపు వారానికి రెండు పీరియడ్లు కేటాయించాలి. మా తాలూకా గాలి, నీరు, వృత్తుల ఉదాహరణలతో పాఠాలు తయారు చేయడానికి జిల్లా సైన్సు టీచర్లతో ఒక బృందం వేయాలి. పంచాయతీలోని నీటి పరీక్ష పెట్టెను బడికి అందుబాటులో ఉంచాలి. మా తాలూకా ప్రభుత్వ పీయూ కాలేజీలో జీవశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివే వీలు కల్పించాలి."

ఒక ప్రతి హెడ్‌మాస్టరుకు, ఒకటి బీఈఓ ఆఫీసుకు, ఒకటి కోలారులో డీడీపీఐ ఆఫీసుకు ఇవ్వండి. ఇచ్చిన ప్రతిసారీ ముద్ర వేయించుకున్న రసీదు తీసుకోండి, నోటిమాటతో తిరిగి రావద్దు. గ్రామసభ జరిగినప్పుడు ఇదే విషయాన్ని తీర్మానంగా పుస్తకంలో రాయించండి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి నాయకుడి ముందూ ఇదే కాగితం పెట్టండి.

సైన్సు టీచర్లకు ఒక మాట. సారూ, మేడమ్, మీ మీద ఎంత పని ఉందో మాకు తెలుసు. జనాభా లెక్కలు మీరే, ఎన్నికలు మీరే, మధ్యాహ్న భోజనం లెక్కలు మీరే. ఈ సబ్జెక్టు మీకు ఇంకొక బరువు కాకుండా చూడటం మా బాధ్యత. సీబీజెడ్ పోస్టులు ఖాళీగా ఉన్న బడుల జాబితా మాకివ్వండి, వాటి కోసం కూడా ఇదే అర్జీలో అడుగుతాం.

గనిలో పనిచేసిన పెద్దలకు ఇంకొక మాట. మీ దగ్గర పాత ఎక్స్‌రేలు, ఆసుపత్రి చీటీలు, పని పుస్తకాలు ఉంటే పారేయకండి, పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. మీ మనవడు ఆ సబ్జెక్టు చదివే రోజున అవే అతని మొదటి పాఠ్యపుస్తకం.

బడి తెరిచేది వేసవి సెలవుల తర్వాత. అర్జీలు అంతకుముందే చేరాలి. ఈ కాగితం చదివాక పక్కింటికి ఇవ్వండి, ఆదివారం లోపు మీ వీధిలో కనీసం పది సంతకాలు తీసుకురండి.

ఇట్లు
కోలారు జిల్లా హైస్కూలు పిల్లల తల్లిదండ్రులు, సైన్సు టీచర్లు